పాత హాస్టల్ భవనాన్ని బాగుచేయించాలా, పడగొట్టి కట్టాలా: ముందు నీటి దారి చూడండి

మాస్టారూ, మీ విశ్వవిద్యాలయంలో 1970లలో కట్టిన మూడంతస్తుల అమ్మాయిల హాస్టలు ఉన్నదనీ, దానిని బాగుచేయించాలా, పడగొట్టి కొత్తది కట్టాలా అన్నది తేల్చే కమిటీలో ఇంజినీరు కాని మిమ్మల్ని కూడా వేశారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు. నేను బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి, ప్రభుత్వ పనుల్లో సివిల్ ఇంజినీరుగా చేసి విరమించినవాణ్ణి. దక్షిణ ఒడిశాలోనే, సముద్రానికి అంత దూరం కాని ఒక విద్యాసంస్థలో అచ్చం మీరు వర్ణించినటువంటి భవనాన్ని రెండు వేసవుల్లో బాగుచేయించాము. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అక్కడ సరిగ్గా చేసినవీ, తప్పు చేసినవీ రెండూ మీకు పనికివస్తాయని రాస్తున్నాను.

మా కమిటీ మొదటి సమావేశంలో తయారైన జాబితాలో రంగులు, టైల్సు, కొత్త మంచాలు, ముఖద్వారానికి ఒక కమాను ఉన్నాయి. డాబా గురించి ఒక్క ముక్క లేదు. నా అనుభవంలో హాస్టలు పాడయ్యేది వాడకం వల్ల కాదు, నీటి వల్ల. పైనుంచి దిగే వాన నీరు, గోడల్లో కారే పైపుల నీరు, గాలిలో వచ్చే ఉప్పు చెమ్మ, ఈ మూడూ కలిసి భవనాన్ని లోపలినుంచి తింటాయి. కాబట్టి గదుల లెక్కతో కాక, నీరు ఎక్కడినుంచి వచ్చి ఎటు పోతున్నదో చూసుకుంటూ మీ ప్రణాళిక మొదలుపెట్టండి.

బాగుచేయాలా, పడగొట్టాలా అన్న ప్రశ్నకు కంటితో చూసి జవాబు చెప్పకూడదు. పెచ్చులూడిన వరండా కప్పును చూసి మా కమిటీలో సగం మంది భవనం మొత్తం పోయిందన్నారు. మిగతా సగం పైన సిమెంటు పూస్తే చాలన్నారు. రెండూ తప్పే. ఇనుప చువ్వ తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు బీటలు వారి పెచ్చులుగా రాలుతుంది. తుప్పును పూర్తిగా గీకకుండా, చువ్వకు రక్షణ పూత వేయకుండా పైన సిమెంటు మెత్తితే రెండో వానాకాలానికి అదే చోట అదే పెచ్చు ఊడుతుంది. చువ్వ దాకా కాంక్రీటు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. కొత్తగా చెక్కిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, చువ్వకు తుప్పు పట్టనివ్వని క్షారగుణం మిగిలి ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ గుణాన్ని తినేసినచోట రంగు రాదు. మా భవనంలో స్తంభాలన్నీ పైపొర దాటగానే గులాబీ రంగు చూపించాయి. వరండా స్లాబుల్లో మాత్రం చువ్వ దాకా ఏ రంగూ రాలేదు. అయితే ఈ పరీక్ష సముద్రపు ఉప్పు సంగతి చెప్పదు. దానికి కాంక్రీటు పొడిని ప్రయోగశాలకు పంపి అందులో క్లోరైడు, అంటే ఉప్పు పాలు, ఎంతుందో చూపించాలి. ఈ పరీక్షలకయ్యే ఖర్చు మొత్తం పనిలో చాలా చిన్న భాగం. కమిటీలో ఎవరైనా దండగ అంటే మీరు ఒప్పుకోకండి.

ఆ ఫలితాలు చూశాక మేము మూడో దారి పట్టాము. స్తంభాలు, గదుల స్లాబులు గట్టిగా ఉన్నందున ప్రధాన భవనాన్ని ఉంచాము. వరండా స్లాబులు కొత్తగా పోయించాము. భవనం నడుమ ఉన్న మరుగుదొడ్ల భాగాన్ని వాడకం నుంచి పూర్తిగా తప్పించి, వెనకవైపు సొంత పునాదులతో విడి కట్టడంగా కొత్త స్నానగదులూ మరుగుదొడ్లూ కట్టి, పాత భవనానికి ఒక ఖాళీ జాయింటు వదిలి కలిపాము. పాత మరుగుదొడ్ల గదులు ఆరాక చదువుకునే గదులయ్యాయి. ఇలా చేయడం వల్ల తడి పని అంతా ఒక చోటికి చేరింది, పైపులు గోడల్లోంచి బయటికి వచ్చాయి. రేపు ఏ పైపు కారినా గోడ పగలగొట్టనక్కరలేదు. మరమ్మతు ఖర్చు కొత్త భవనపు ఖర్చులో సగం దాటుతున్నదంటే పడగొట్టడమే మేలని నా అభిప్రాయం. దాటకపోతే మాత్రం పాత భవనాలకున్న మందపాటి గోడలనూ ఎత్తైన కప్పులనూ వదులుకోకండి. ఏప్రిల్ మధ్యాహ్నం వాటి విలువ తెలుస్తుంది.

ఇక మరుగుదొడ్ల లెక్క. భారతీయ ప్రమాణాల ప్రకారం హాస్టలులో ఆడపిల్లలు 6 మందికి ఒక మరుగుదొడ్డి, 8 మందికి ఒక స్నానగది ఉండాలి. మా భవనంలో 216 మంది ఉండేవారు. అంటే 36 మరుగుదొడ్లు, 27 స్నానగదులు కావాలి. ఉన్న మరుగుదొడ్లు 18. వాటిలో తలుపు గడియ పడేవి 11. ఇంతవరకు కాగితం మీద తేలిపోయింది. తేలనిది ఇంకొకటి ఉన్నది. కమిటీ పిలిచిన సమావేశంలో అమ్మాయిలు నీళ్లు చాలడం లేదని తప్ప ఇంకేమీ చెప్పలేదు. సమావేశం అయ్యాక, ఇచ్ఛాపురం నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి నేను తెలుగువాణ్ణని తెలిసి మెట్ల దగ్గర ఆగి, 'చివరి నాలుగింటిలోకీ ఎవరూ వెళ్లం సార్, వాటి వెంటిలేటర్లు క్వార్టర్సుకు వెళ్లే దారి మీదికి ఉన్నాయి, రాత్రి అక్కడ లైటు కూడా ఉండదు' అని చెప్పింది. మేము లెక్క పెట్టినవాటిలో నాలుగు ఏళ్ల తరబడి ఎవరూ వాడనివి! అందుకని మీరు సమావేశాన్ని నమ్ముకోకండి. ఉదయం 6 నుంచి 9 వరకు మీ కమిటీలోని మహిళా సభ్యులు వరండాలో ఒక కుర్చీ వేసుకుని కూర్చుని, ఎక్కడ వరుస పెరుగుతున్నదో, ఏ కుళాయి దగ్గరికి ఎవరూ వెళ్లడం లేదో చూస్తే చాలు. మౌసీలను, అంటే హాస్టలు పనివారిని, విడిగా అడగండి. కాలువ ఎక్కడ పొంగుతుందో వార్డెను కంటే వారికి బాగా తెలుసు.

బట్టలు ఆరేసుకునే చోటు గురించి కూడా ఏ అంచనాలోనూ ఎవరూ రాయరు. ముసురు పట్టిన రోజుల్లో అమ్మాయిలు గదిలో ఒక గోడనుంచి ఇంకో గోడకు తాడు కట్టి తడి బట్టలు వేస్తారు. ఆ తేమ గోడలకు చేరి బూజు పడుతుంది. మనం దానిని గోడ చెమ్మ అనుకుని రసాయనాలు పూయిస్తాము. మేము ప్రతి అంతస్తులోనూ కొత్త కట్టడం పక్కన గాలి ఆడేలా జాలీ గోడతో, పైకప్పుతో బట్టలకొక చోటు వదిలాము. మొత్తం పనిలో అమ్మాయిలు మెచ్చుకున్నది దాన్నే. టైల్సును ఎవరూ మెచ్చుకోలేదు. శానిటరీ ప్యాడ్ల పారవేతకు మూతబుట్టలు, వాటిని రోజూ తీసే ఏర్పాటు కూడా మొదటి నక్షాలోనే ఉండాలి. లేకపోతే అవి పైపుల్లోకి వెళ్లి, కొత్త డ్రైనేజీ ఏడాది తిరక్కుండానే మూసుకుపోతుంది.

నీటి నిల్వ విషయానికి వస్తే, హాస్టలుకు తలకు రోజుకు 135 లీటర్లు అన్నది ప్రమాణం. 216 మందికి అది సుమారు 29 వేల లీటర్లు. అందులో సగం డాబా మీద, మిగతాది కింది సంపులో ఉంచాలనుకున్నా డాబా మీద 15 టన్నుల బరువు పడుతుంది. పాత డాబా మీద ఖాళీ ఉన్నచోటల్లా ప్లాస్టిక్ ట్యాంకులు పెట్టుకుంటూ పోవడం చూస్తే నాకు ఇప్పటికీ గుండె గుబేలుమంటుంది. ట్యాంకులు స్లాబు నడుమ కాదు, స్తంభాల నెత్తిన, దూలాల మీద కూర్చోవాలి. మేము వాటిని కొత్త కట్టడం మీదికి మార్చి పాత డాబాకు ఆ భారం తప్పించాము.

డాబా దగ్గర చేసిన పెద్ద తప్పు నాదే. పాత డాబా మీద ఎప్పటిదో సున్నపు గచ్చు, దానిమీద ఇటుకముక్కల పొర, దానిమీద మళ్లీ సిమెంటు, ఇలా తరానికొక పొర పేరుకుని ఉంది. దానివల్ల బరువూ పెరిగింది, వాలూ పోయింది. వేసవి సెలవులు మొదలవగానే దాన్నంతా ఒకేసారి తీయించాను. రుతుపవనాలు మన వైపు మామూలుగా జూన్ నడిమికి వస్తాయన్న ధైర్యం నాది. ఆ ఏడు జూన్ మొదటి వారంలోనే రెండు రాత్రులు వరసగా కురిసింది. రుతుపవనం కాదు, ఉరుముల వాన. కానీ దేనివల్ల తడిసినా తడవడం ఒకటే. పరీక్షల కోసం ఉండిపోయిన అమ్మాయిల పద్నాలుగు గదుల్లో నీరు దిగింది, వాళ్లు చదువుల గదిలో చాపలు పరుచుకుని పడుకున్నారు. మరుసటి రోజు వార్డెను ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఎక్కువ అనిపించింది. ఆ తరువాత ఒక వారంలో ఎంత కప్పగలమో అంతే తీయడం నియమంగా పెట్టుకున్నాము. మీ కాంట్రాక్టు పత్రంలో ఈ నియమాన్ని తప్పక రాయించండి. అలాగే, వాటర్‌ప్రూఫింగ్ అయిన ప్రతి భాగానికీ తూములు మూసి, రెండు రోజులు నీరు కట్టి నిలబెట్టి, కింద గదిలో చెమ్మ కనబడకపోతేనే బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో ఎక్కించేలా చూడండి. బిల్లు చెల్లించాక ఏ మేస్త్రీ డాబా ఎక్కడు.

తుఫానుల సంగతి మన ప్రాంతపువారికి వేరే చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మాకు గాలి ఏమిటో తెలిసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లా కొండల్లో కుండపోత కురిపించినప్పుడు నీరు ఏమిటో తెలిసింది. మొదటిదాని నుంచి కిటికీల గురించి నేర్చుకున్నాను. ఒడిశా తీరానికి గాలివేగపు ప్రమాణం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. కిటికీ చట్రం గోడలోకి ఎంత లోతుగా బిగించారు, గడియలు ఎన్ని, సైకిల్ షెడ్డు రేకులను పట్టి ఉంచే హుక్కులు ఎలాంటివి అన్నవి అంచనాలో విడిగా ఉండాలి. రేకు ఎగిరితే అది కత్తి. రెండోదాని నుంచి నేర్చుకున్నది ఆవరణ వాలు గురించి. భవనం ఎంత బాగున్నా, దాని చుట్టూ ఉన్న కాలువ రోడ్డు కంటే పల్లంలో ఉంటే సెప్టిక్ ట్యాంకు వెనక్కి పొంగుతుంది. తుఫాను తరువాత రోజుల తరబడి కరెంటు ఉండదు కాబట్టి, జనరేటరు కనీసం నీటి మోటారునూ వరండా దీపాలనూ నడపగలగాలి. దానిని నేలమీద కాక ఎత్తైన దిమ్మె మీద పెట్టించండి.

కరెంటు తీగల గురించి క్లుప్తంగా చెబుతాను. ఆ రోజుల్లో గదికి రెండు దీపాలు, ఒక ఫ్యాను అని వేసిన తీగల మీద ఇవాళ ముగ్గురి ల్యాప్‌టాపులు, ఒక 1500 వాట్ల కెటిల్ నడుస్తున్నాయి. ఆ కెటిల్ ఒక్కటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. నిషేధమని నోటీసు అంటించినంతమాత్రాన ఎవరూ మానరు. ప్రతి అంతస్తులో వేడినీళ్లకు ఒక చిన్న వంటమూల ఇస్తే గదుల్లో కెటిళ్లు చాలావరకు తగ్గుతాయి. మా దగ్గర తగ్గాయి. తీగలన్నీ మార్చి, ఎర్తింగు కొత్తగా వేసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీలు, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చులు, పెట్టించడంలో బేరాలు వద్దు.

చక్రాల కుర్చీకి ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే రెండడుగుల అరుగు ఎక్కడానికి 24 అడుగుల పొడవు. దీనికి చోటు ముందే వదలకపోతే చివర్లో ఎవరూ ఎక్కలేని ఏటవాలు దిమ్మె ఒకటి కట్టి ఫొటో తీస్తారు. మొదటి సంవత్సరం విద్యార్థులకు వీలైనంతవరకు విడి బ్లాకు ఉండాలని యూజీసీ 2009 ర్యాగింగ్ నిరోధక నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి, ఏ వేసవిలో ఏ భాగం ఖాళీ చేయాలో నిర్ణయించేటప్పుడు జూనియర్లను సీనియర్ల అంతస్తుల్లో సర్దవలసిన పరిస్థితి రాకుండా చూసుకోండి. అంచనాలో పదో వంతు డబ్బు ఊహించని పనులకని పక్కన పెట్టించండి. గోడ పూత ఊడదీసేదాకా ఏ ఇంజినీరుకూ పూర్తి సంగతి తెలియదు.

కన్సల్టెంటు రాకముందే మీరు చేయగలిగినది ఒకటున్నది. వానాకాలం రాగానే డాబా ఎక్కి తూముల్లో ఆకులు తీయించండి, పిట్టగోడ మీద మొలిచిన రావి మొక్కలను వేళ్లతో సహా పీకించండి. గట్టి వాన పడిన మరునాడు ప్రతి గదికీ వెళ్లి, కప్పు మీదా గోడ మీదా చెమ్మ ఎంతవరకు వచ్చిందో పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయండి. వానాకాలం ముగిసేదాకా ఇలా చేస్తే, ఏ మచ్చ వానతో పెరుగుతున్నదో, ఏది వాన లేకపోయినా తడిగా ఉంటున్నదో తెలుస్తుంది. మొదటిది డాబాది లేదా గోడ బీటలది, రెండోది పైపుది. ఆ గీతల ఫొటోలను కమిటీ రెండో సమావేశంలో బల్ల మీద పెట్టండి. కమాను సంగతి మళ్లీ ఎవరైనా ఎత్తితే, అది ఏ మచ్చను ఆపుతుందని అడగండి.