క్యాప్సూల్ ‘వేసుకోవాలా’, పరికరంలో ‘పెట్టాలా’?

సందేహం: ఉబ్బసం రోగులకు ఇచ్చే డ్రై పౌడర్ ఇన్‌హేలర్‌కు తెలుగులో వాడుక సూచనలు రాస్తున్నాను. ‘పొడి పొడి ఇన్‌హేలర్’ అంటే నవ్వులాటగా ఉందని మా పైఅధికారి ‘శుష్క చూర్ణ శ్వాసయంత్రం’ అని దిద్దారు. ‘క్యాప్సూల్ వేసుకుని నోటితో పీల్చండి’ అన్న వాక్యం మాత్రం బాగుందన్నారు. ఈ రెండూ సరైనవేనా?

సమాధానం: రెండూ కావు. పేరు సంగతి తేలిక కాబట్టి ముందు అది తేల్చేద్దాం. ‘శుష్క’ అనగానే తెలుగువారికి శుష్క వాగ్దానాలు, శుష్కించిన దేహం గుర్తొస్తాయి. చూర్ణం అంటే త్రిఫల చూర్ణం, పక్కనే తేనె, చెంచా. శ్వాసయంత్రం అంటే ఆస్పత్రిలో వెంటిలేటర్ అనుకుంటారు. మూడు మాటలూ మూడు దారులు పట్టాయి. మీరు నవ్వుకున్న ‘పొడి’ మాత్రం బంగారం లాంటి మాట. పొడి బట్ట, పొడి దగ్గు అన్నప్పుడు తడి లేనిదని అర్థం. కారప్పొడి, కందిపొడి అన్నప్పుడు చూర్ణమని అర్థం. ‘పొడి మందు ఇన్‌హేలర్’ అనండి. పొడిని ఏ అర్థంలో తీసుకున్నా తప్పు రాదు. ఇన్‌హేలర్‌కు తెలుగు వెతకనక్కర్లేదు. మందుల దుకాణంలో ఎవరూ దాన్ని ఇంకో పేరుతో అడగరు.

ఇక మీ వాక్యం. దాని తప్పు తెలియాలంటే పరికరం ఎలా పనిచేస్తుందో కొంత చెప్పుకోవాలి. మందు రేణువులు సుమారు 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటేనే ఊపిరితిత్తుల లోపలికి చేరతాయి. అంతకన్నా పెద్దవి చాలావరకు గొంతులోనే ఆగిపోతాయి. కానీ అంత మెత్తటి పొడి ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడుతుంది. పులిహోరకు వండిన అన్నంలా పొడిపొడిగా ఉండమంటే ఉండదు. అందుకని చాలా మందుల్లో లాక్టోజ్ అనే పాల చక్కెర ముతక రేణువులు కలుపుతారు. మందు వాటిని అంటిపెట్టుకుని ఉంటుంది. రోగి పీల్చినప్పుడు మళ్లీ విడిపోవాలి. 1956లో వచ్చిన స్ప్రే ఇన్‌హేలర్‌లో మందును బయటికి చిమ్మే పని లోపల ఒత్తిడితో నింపిన వాయువు చేస్తుంది. పొడి మందు ఇన్‌హేలర్లలో చాలావాటికి అలాంటి వాయువూ లేదు, మోటారూ లేదు. రోగి ఊపిరి వేగమే రేణువులను విడదీయాలి. కాబట్టి మీరు రాసే క్రియ కూడా ఆ పరికరంలో ఒక భాగమే.

‘వేసుకోవడం’ దగ్గరికి వద్దాం. మాత్ర వేసుకున్నావా అని ఇంట్లో అడిగితే మింగావా అని అర్థం. క్యాప్సూల్ వేసుకోండి అని అచ్చువేసి ఇస్తే, దాన్ని మంచినీళ్లతో మింగినవారిది తప్పెలా అవుతుంది? ఈ పొరపాటు మన దగ్గరే జరుగుతుందనుకోకండి. ఇన్‌హేలర్‌లో పెట్టాల్సిన క్యాప్సూళ్లను కొందరు మింగేస్తున్నారని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2008లో హెచ్చరిక జారీ చేసింది. మీరు ‘క్యాప్సూల్‌ను పరికరంలో పెట్టండి, మింగకూడదు’ అని రాయండి. ‘గుళిక’ అని సంస్కరించబోకండి. వరి రైతుకు గుళికలంటే చేలో చల్లే పురుగుమందు.

‘పీల్చడం’ మరీ చిక్కు మాట. దోమ రక్తం పీలుస్తుంది, పిల్లలు మామిడిపండు రసం పీలుస్తారు, పెద్దవాళ్లు ముక్కుపొడి పీలుస్తారు. వీటిలో ఏదీ మీకు కావలసిన పని కాదు. ‘నోటితో పీల్చండి’ అని ఊరుకుంటే బుగ్గలు లోపలికి పోయేలా చప్పరించేవారుంటారు. ఆ గాలి నోరు దాటి లోపలికి పోదు. ‘పొడి పీల్చండి’ అంటే ముక్కుపొడి అలవాటున్న పెద్దాయన చేయి ముక్కు దగ్గరికే వెళుతుంది. వాక్యంలో కర్మను, అంటే దేన్ని పీల్చాలో ఆ మాటను మార్చండి. పీల్చవలసినది ఊపిరి, మందు దాని వెంట పోతుంది. ‘పరికరం నోటి భాగాన్ని పెదవులతో బిగించి పట్టుకుని, నోటితో ఊపిరి పీల్చండి’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

ఎలా పీల్చాలో కూడా చెప్పాలి. స్ప్రే ఇన్‌హేలర్ సూచనల్లో ‘నిదానంగా, లోతుగా’ అని ఉంటుంది. ఆ వాక్యాన్నే తెచ్చి దీనికి అతికించారా, మందు లాక్టోజ్‌ను వదలక గొంతులో పడుతుంది. ఇక్కడ ‘మొదటి నుంచే గట్టిగా, లోతుగా’ అనాలి. ‘మొదటి నుంచే’ అన్న మాటను స్థలం చాలలేదని తీసేయకండి. మెల్లగా మొదలుపెట్టి చివర్లో బలం చూపితే, మందు సరిగా విడిపోకుండానే క్యాప్సూల్ దాటిపోతుంది. ఆ తర్వాతి మెట్టుకు మనకు సిద్ధంగా ఉన్న మాట ‘ఊపిరి బిగబట్టండి’. 10 అంకెలు లెక్కపెట్టేవరకు, లేదా పట్టగలిగినంతసేపు.

పీల్చడానికి ముందు ‘ఊపిరి వదలండి’ అని రాయడానికి కొందరు జంకుతారు, తుదిశ్వాస గుర్తొస్తుందట! జంకి ‘నిశ్వాసం చేయండి’ అంటారు. ఉచ్ఛ్వాస నిశ్వాసాలు సైన్సు పాఠంలో ఉండాల్సినవి. ఆయాసంతో ఉన్నవాడు ఏది లోపలికో ఏది బయటికో గుర్తుచేసుకుంటూ కూర్చోలేడు. ‘ఊపిరి వదలండి’ నిక్షేపంలా ఉంది. దాని పక్కన ‘పరికరంలోకి ఊదకండి’ అన్నది మాత్రం తప్పనిసరి. ఊపిరిలోని తడి తగిలితే పొడి ఉండ కడుతుంది.

రోటాహేలర్ లాంటి పొడి మందు ఇన్‌హేలర్లలో అడుగు భాగాన్ని మెలితిప్పితే క్యాప్సూల్ రెండుగా విడిపోయి, పొడి లోపల రాలుతుంది. అక్కడ ఉత్త ‘తిప్పండి’ అని రాస్తే పరికరాన్నే తిరగేసేవారుంటారు. ‘మెలితిప్పండి’ అనండి, పక్కన బొమ్మ వేయించండి.

చివరి మెట్టులో ‘నోరు కడుక్కోండి’ అని రాసి ఉంటారు. మనం భోజనం చేశాక పైపైన మూతి కడుక్కోవడాన్ని కూడా అలాగే అంటాం. స్టెరాయిడ్ మందు నోట్లో మిగిలిపోతే తెల్లపూత (ఒక రకం ఫంగస్) వచ్చే అవకాశం ఉంది కాబట్టి ‘నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి’ అని రాయండి. పుక్కిలించమంటే ఉమ్మేయమనే కదా అని రెండో క్రియను కొట్టేయనివ్వకండి. పుక్కిలించి మింగేసేవారూ ఉంటారు.