లేసు అల్లే అమ్మకు పొద్దున్నే వేళ్లు ఎందుకు బిగుసుకుపోతున్నాయి?

నరసాపురం దగ్గర ఏళ్లుగా లేసు అల్లుతున్న మీ అమ్మగారికి నిద్ర లేవగానే గుప్పిట పడటం లేదన్నారు. అల్లికే కారణమని అప్పుడే తేల్చేయకండి. ముందు ఆ బిగుతు ఎంతసేపు ఉంటోందో గడియారం పెట్టి చూడండి.

అరగంటలోపు సర్దుకుంటూ, గోళ్ల దగ్గరి కణుపుల్లోనో బొటనవేలి మొదట్లోనో నొప్పి ఉంటే చాలావరకు అది కీళ్ల అరుగుదల. గంటసేపైనా వదలకుండా, రెండు చేతుల్లోనూ వేళ్ల మొదళ్లు వాస్తుంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌ను, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే కీళ్లవాతాన్ని, అనుమానించాలి. దాన్ని మెడికల్ షాపు నొప్పి మాత్రలతో నెట్టుకురావడం మన గోదావరి జిల్లాల్లో మామూలే గానీ, అసలు మందు ఆలస్యమైతే కీళ్లు వంకర తిరుగుతాయి. చికెన్‌గున్యా తగ్గాక కూడా ఇలాంటి నొప్పులు కొందరికి నెలల తరబడి ఉంటాయి.

మడిచిన వేలు ఇరుక్కుని టక్కుమని తెరుచుకుంటే ట్రిగ్గర్ ఫింగర్. రాత్రిళ్లు చిటికెనవేలు తప్ప మిగతావి తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూపించాలి.

చాలామందికి తట్టనిది షుగర్. ఒకసారి నమస్కారం పెట్టమనండి. రెండు చేతుల వేళ్లూ పూర్తిగా ఆనకుండా మధ్యలో సందు మిగిలిందా? షుగర్ ఏళ్లుగా ఉన్నవాళ్లలో చర్మం, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు మందమై ఇలా అవుతుంది. పెద్దగా నొప్పి కూడా ఉండదు. షుగర్, థైరాయిడ్ పరీక్షలు ముందే చేయించి ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. వాపు ఉంటే మాత్రం కీళ్లవాతం చూసే రుమటాలజిస్టుకే చూపించండి. ఈలోగా పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి నెమ్మదిగా ఆడించమనండి, సూదిని గంటల తరబడి పట్టుకోవద్దనండి.