కోట గుమ్మం దగ్గర కాసేపు ఆగండి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిసెంబర్‌లో ఇంటిల్లిపాదీ హైదరాబాద్ వస్తున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. గోల్కొండలో పైదాకా ఎక్కలేనివాళ్లకు చూడటానికేమైనా ఉంటుందా? ఎంతసేపు పడుతుంది?
- ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: బోలెడంత ఉంది. అసలు పనితనమంతా కిందే ఉందని మా అభిప్రాయం. కొండ కొసనున్న బారాదరి (దర్బారు మంటపం) చేరాలంటే దాదాపు 360 మెట్లెక్కాలి. అవి ఒకే ఎత్తులో ఉండవు, అంచులు అరిగి నున్నబడ్డాయి కూడా. ఎక్కేటప్పుడు ఆయాసమే, దిగేటప్పుడే మోకాళ్లు పట్టేస్తాయి. అమ్మగారిని కిందే తిప్పండి.

టికెట్ చూపించి లోపలికి వెళ్లేది బాలాహిస్సార్ దర్వాజా గుండా. తలుపుకు ఎదురుగా అడ్డంగా ఒక గోడ కనిపిస్తుంది. అందరూ దాని పక్కనుంచి గబగబా వెళ్లిపోతారు. ఏనుగుతో తలుపు కుమ్మించాలంటే అది దూరం నుంచి పరుగెత్తి రావాలి కదా, ఆ పరుగుకు చోటు లేకుండా చేయడానికే ఆ గోడ. అక్కడే నిలబడి తలెత్తితే కమాను పైన సున్నంతో తీర్చిన నెమళ్లు, యాళులు (సింహంలాంటి కల్పిత మృగాలు) కనిపిస్తాయి. గుడి స్తంభాల మీద ఉండే యాళి సుల్తాను గుమ్మం మీద కూడా ఉంది. కాకతీయుల నాటి మట్టికోట మీద కుతుబ్‌షాహీలు కట్టిన కోట ఇది. ఆ రెండు కాలాలూ ఇంత దగ్గరగా కనిపించే చోటు ఈ కోటలో ఇంకోటి లేదు.

గుమ్మం దాటగానే గుమ్మటం. దాని కింద చప్పట్లు కొడితే కొండమీదికి వినిపిస్తుందనేది నిజమే, కానీ నడిమధ్యన నిలబడి కొట్టాలి. రెండడుగులు పక్కకు జరిగితే ఆ గట్టిదనం ఉండదు. ఆదివారం పదకొండింటికి వెళ్తే పదిమంది ఒకేసారి కొడుతుంటారు, ఎవరి చప్పుడు ఎవరిదో పైనున్నవాళ్లకు తెలీదు. ఉదయం తెరవగానే వెళ్లి, ఇంట్లో ఒకరిని ముందే పైకి పంపి, ఫోన్‌లో మాట్లాడుకుంటూ కొట్టండి.

నగీనాబాగ్, అక్కన్న మాదన్నల కచేరీ, రాణీ మహల్ చూడటానికి కొండెక్కక్కర్లేదు. రాణీ మహల్ వాకిట్లోని ఫౌంటెన్ చూశాక గోడల్లో మట్టిగొట్టాల కోసం వెతకండి. కింది తొట్లలోని నీటిని చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడి, అక్కణ్ణుంచి పల్లానికి వదిలేవారు. ఆ నీరు నడిచిన దారులే అవి. రామదాసు బందీఖానా మాత్రం మెట్లెక్కే దారిలో ఉంది, అమ్మగారికి కుదరకపోవచ్చు.

కింది భాగానికి గంటన్నర, పైకెక్కి దిగడానికి ఇంకో గంటన్నర వేసుకోండి. మనిషికో లీటరు నీళ్లు పెట్టుకోండి. గైడ్‌ను పెట్టుకుంటే ఎంత తీసుకుంటాడు, పైదాకా వస్తాడా అన్నది గేటు బయటే తేల్చుకోండి, లేకపోతే సగం మెట్ల దగ్గర పేచీ వస్తుంది.

ప్రశ్న: కుతుబ్‌షాహీ సమాధులకు మళ్లీ సున్నమే పూశారు. సిమెంటైతే గట్టిగా ఉండేది కదా? తెల్లగా కొట్టొచ్చినట్టుంది, పాత కళే పోయింది.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ గట్టిదనంతోనే చిక్కంతా. సున్నంతో కట్టిన పాత గోడ వానకు కాస్త తడి పీల్చుకుని, ఎండకు వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే లోపలి తడికి దారి ఉండదు. తడితో వచ్చిన లవణాలు పూత వెనకాల గడ్డకట్టి దాన్ని నెడతాయి. సిమెంటు ఊడినప్పుడు ఒక్కటే ఊడదు, నాలుగు వందల ఏళ్ల పాత పూతను కూడా పెళ్లలుగా పట్టుకుపోతుంది. అందుకే 2013లో మొదలైన పనుల్లో ముందు పాత సిమెంటు పొరలు తొలిచి, తర్వాత సున్నం పూశారు.

ఈ పూతకు వాడే డంగుసున్నం తొందరగా తయారయ్యేది కాదు. కాల్చిన సున్నాన్ని గుంతలో నీళ్లు పోసి వారాల తరబడి మగ్గబెట్టాలి. తర్వాత ఇసుకతో కలిపి గానుగలో వెన్నలా నూరాలి. పాతకాలం పద్ధతుల్లో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, మారేడు గుజ్జు కలిపేవారు. బెల్లం వల్ల తక్కువ నీళ్లతోనే ముద్ద సాగుతుంది, మేస్త్రీకి పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది. పలచటి పొరలుగా పూసి, ఒక్కో పొరను రోజుల తరబడి తడిపి ఉంచాలి. ఎండలో గబుక్కున ఆరితే వెంట్రుకల్లాంటి పగుళ్లు తేలతాయి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుంటూ మళ్లీ రాయిలా మారుతుంది, దానికి నెలలు పడుతుంది.

తెలుపు గురించి బెంగ వద్దు, కొన్ని వానలు పడితే అదే మాగుతుంది. ఏ కోటలోనైనా సిమెంటు అతుకును ఇట్టే గుర్తుపట్టవచ్చు. బూడిదరంగులో ఉండి, చుట్టూ గీత గీసినట్టు పగులు ఉంటుంది. వేలి కణుపుతో మెల్లగా తడితే డొల్లగా మోగుతుంది. గోరుతో మాత్రం గీకకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా చేతిలో శుక్ర, శనివారాలే ఉన్నాయి. చౌమహల్లా, ఫలక్‌నుమా ప్యాలెస్‌లు రెండూ కుదురుతాయా?
- ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: శుక్రవారం చౌమహల్లాకు సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా. ఆ రోజు గోల్కొండకు వెళ్లి, శనివారం ఉదయం చౌమహల్లా పెట్టుకోండి.

చౌమహల్లా 18వ శతాబ్దంలో మొదలై, 1857-69 మధ్య ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయింది. ఖిల్వత్ దర్బారులో అందరూ 19 షాండ్లియర్లకు ఫొటోలు తీసుకుని వెనుదిరుగుతారు. అక్కడితో ఆగితే సగమే చూసినట్టు. దక్షిణం ఆవరణలోకి వెళ్లండి. ఖిల్వత్‌లో మొఘల్ తరహా కమానులు, సున్నపు అల్లికలు చూసిన కళ్లతోనే ఇక్కడి అఫ్జల్ మహల్ ముందు నిలబడితే యూరప్ పద్ధతిలో, ఆకుల శీర్షాలున్న ఎత్తైన స్తంభాలు కనిపిస్తాయి. ఒకే వంశం, ఒకే ప్యాలెస్, రెండు తరహాలు.

ఫలక్‌నుమా ఇప్పుడు హోటల్. గేటు దగ్గరికెళ్లి టికెట్ అడిగితే కుదరదు. బస చేయాలి, లేదా భోజనానికో తేనీటి విందుకో ముందే బుక్ చేసుకోవాలి. 101 మంది కూర్చునే భోజనాల బల్లను చూపిస్తారా లేదా అన్నది బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: కన్యాకుమారి వెళ్తున్నాం. దారిలో పద్మనాభపురం రాజప్రాసాదానికి ఒక పూట కేటాయించడం దండగ కాదు కదా?
- ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: కానే కాదు. ఇది ఎక్కువగా కలపతో కట్టిన ప్రాసాదం, మన రాతికోటలకు పూర్తిగా వేరు. తమిళనాడులో ఉన్నా నిర్వహణ కేరళ పురావస్తు శాఖది. సోమవారం సెలవు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటిదాకా భోజన విరామం. పన్నెండున్నరకు చేరితే హడావిడిగా తోసేస్తారు, తొమ్మిదింటికే వెళ్లండి. చెప్పులు బయటే విడవాలి కాబట్టి అద్దంలా మెరిసే నల్లటి నేల చల్లదనం పాదాలకు తెలుస్తుంది. కాల్చిన కొబ్బరిచిప్పల బొగ్గు, సున్నం, కోడిగుడ్డు తెల్లసొన కలిపి చేసిన నేల అని చెబుతారు. మంత్రశాలలో (రాజు మంత్రులతో సమావేశమయ్యే గది) రంగు అభ్రకం రేకుల కిటికీల నుంచి వచ్చే వెలుతురు చూడాలన్నా ఉదయమే మేలు.