ప్రాజెక్టు సెట్టింగులు వేరు, సెషన్ వేరు

ప్రశ్న: నేను విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడుతాను. రెండు ప్రాజెక్టుల మీద పని చేస్తున్నాను. ఒకదానిలో ఇండెంటేషన్‌కు (వరుస మొదట్లో వదిలే ఖాళీకి) రెండు స్పేసులు, రెండవదానిలో ట్యాబులు వాడాలన్నది నియమం. పని ముగించేటప్పుడు ఎంకెసెషన్ కమాండుతో సెషన్‌ను, అంటే తెరిచి ఉన్న ఫైళ్లు, విండోల అమరికను భద్రపరచి, మర్నాడు దానినే తెరుస్తాను. ఫైళ్లు, విండోలు యథాతథంగా తిరిగి వస్తున్నాయి. కాని ఇటీవల నా విమ్ సెట్టింగులుండే విమ్‌ఆర్‌సి ఫైలులో చేసిన మార్పులేవీ ఆ సెషన్లలో కనిపించడం లేదు. ఇండెంటేషన్ వెడల్పు మార్చినా పాత విలువే వస్తోంది. ఏ ప్రాజెక్టు సెట్టింగులు దానితోనే నిలిచి ఉండాలంటే ఏది సరైన పద్ధతి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ విమ్‌ఆర్‌సిలో తప్పేమీ లేదు. మీరు భద్రపరచిన సెషన్ ఫైలే దానిని తోసిపుచ్చుతోంది. ఎంకెసెషన్ తయారు చేసే ఫైలు విమ్ కమాండ్లతో నిండిన మామూలు స్క్రిప్టు. అందులో ఏమేమి రాయాలో ‘సెషన్‌ఆప్షన్స్’ అనే సెట్టింగు నిర్ణయిస్తుంది, దాని డిఫాల్టు విలువలలో ‘ఆప్షన్స్’ కూడా ఒకటి. అది ఉన్నంత కాలం, సెషన్‌ను భద్రపరచిన సమయంలో అమలులో ఉన్న ఆప్షన్లు (సెట్టింగులు), మ్యాపింగులు (కీలకు కేటాయించిన పనులు) కూడా ఆ ఫైలులోకి చేరిపోతాయి. మర్నాడు విమ్ మొదట విమ్‌ఆర్‌సిని చదివి, ఆ తరువాతే సెషన్ ఫైలును నడుపుతుంది కనుక నిన్నటి విలువలదే పైచేయి అవుతుంది. దీనిని మీరే స్వయంగా నిర్ధారించుకోవచ్చు: సెషన్ తెరిచిన తరువాత ‘వెర్బోస్ సెట్ షిఫ్ట్‌విడ్త్?’ అనే కమాండు ఇస్తే, ఇండెంటేషన్ వెడల్పు (షిఫ్ట్‌విడ్త్) ప్రస్తుత విలువతో పాటు దానిని చివరిసారిగా ఏ ఫైలు మార్చిందో కూడా విమ్ చెబుతుంది.

పరిష్కారం చిన్నదే. విమ్‌ఆర్‌సిలో ‘సెట్ సెషన్‌ఆప్షన్స్-=ఆప్షన్స్’ అనే వరుస చేర్చి, పాత సెషన్‌ను ఒకసారి తెరిచి, ఎంకెసెషన్ పక్కన ఆశ్చర్యార్థకం ఉంచి అదే పేరుతో మళ్లీ భద్రపరచండి. ఆ తరువాత సెషన్ ఫైలులో విండోలు, ఫైళ్లు, పని చేస్తున్న డైరెక్టరీ, ఫోల్డులు (మడిచి దాచిన వరుసలు) వంటివి మాత్రమే మిగులుతాయి. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ తన డిఫాల్టులలోంచి ‘ఆప్షన్స్’ను తీసివేసింది; అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. నిన్న ఏయే ఫైళ్లు తెరిచి ఉంచారు, విండోలను ఎలా విభజించారు అన్నది మీకు, మీ కంప్యూటర్‌కు సంబంధించిన విషయం. ఇండెంటేషన్ ఎంత ఉండాలి, వరుస చివర ఏ గుర్తు ఉండాలి అన్నది ప్రాజెక్టుకు సంబంధించిన విషయం కనుక అది ప్రాజెక్టు ఫోల్డరులోనే ఉండి, దానితో పాటే అందరికీ చేరాలి. ఈ రెండింటినీ ఒకే ఫైలులో కలిపినందువల్లనే మీకు ఈ ఇబ్బంది వచ్చింది. సబ్లైమ్ టెక్స్ట్ అనే ఎడిటర్ ఈ తేడాను స్పష్టంగా పాటిస్తుంది: సెట్టింగులు ‘సబ్లైమ్-ప్రాజెక్ట్’ ఫైలులోనూ, తెరిచి ఉన్న ఫైళ్ల వివరాలు ‘సబ్లైమ్-వర్క్‌స్పేస్’ ఫైలులోనూ ఉంటాయి, మొదటిదానిని గిట్‌లో (ప్రాజెక్టు మార్పులను నమోదు చేసి పంచుకునే వ్యవస్థలో) చేర్చమని, రెండవదానిని చేర్చవద్దని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో కూడా 2009లో వచ్చిన 23.1 వెర్షన్ నుంచి డైరెక్టరీ సెట్టింగులకు ‘.డిర్-లోకల్స్.ఈఎల్’ అనే ఫైలు ఉంది. సెషన్‌ను భద్రపరచే డెస్క్‌టాప్-సేవ్-మోడ్‌కు దానితో సంబంధం లేదు.

మీ రెండు ప్రాజెక్టులకూ నేను సూచించేది ఎడిటర్‌కాన్ఫిగ్, అంటే వేర్వేరు ఎడిటర్లు పాటించే ఉమ్మడి సెట్టింగుల పద్ధతి. ప్రాజెక్టు మూల ఫోల్డరులో ‘.ఎడిటర్‌కాన్ఫిగ్’ అనే ఫైలు సృష్టించి, మొదటి వరుసలో ‘రూట్ = ట్రూ’ అని రాయండి. ఎడిటర్ మీరు తెరిచిన ఫైలు ఉన్న ఫోల్డరు నుంచి ఒక్కొక్క మెట్టు పైకి వెళుతూ ఇటువంటి ఫైళ్లన్నింటినీ వెతుకుతుంది. రూట్ అని ఉన్నచోట ఆగిపోతుంది. రెండు ఫైళ్లు భిన్నంగా చెబితే, తెరిచిన ఫైలుకు దగ్గరగా ఉన్నదాని మాటే చెల్లుతుంది. ఆ తరువాత చదరపు బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు ఉంచి, దాని కింద ‘ఇండెంట్_స్టైల్ = స్పేస్’, ‘ఇండెంట్_సైజ్ = 2’ అని రాస్తే మొదటి ప్రాజెక్టు పని పూర్తయినట్లే. రెండు మినహాయింపులను మాత్రం మరచిపోవద్దు. ప్రోగ్రామును నిర్మించే మేక్ అనే సాధనం చదివే మేక్‌ఫైలులో కమాండు వరుసలు ట్యాబుతో మొదలు కావాలి, స్పేసులు ఉంటే మేక్ పని చేయదు; అందువల్ల ఆ పేరుతో మరొక విభాగం రాసి అక్కడ ట్యాబు అని పేర్కొనండి. వరుస చివరి ఖాళీలను తొలగించే సెట్టింగును వాడితే మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో పత్రాలు రాసే పద్ధతి) ఫైళ్లకు దానిని ఆపివేయండి. అక్కడ వరుస చివరి రెండు స్పేసులకు కొత్త వరుస అని అర్థం ఉంది, అవి పోతే పత్రం రూపమే మారిపోతుంది. 2024లో విడుదలైన విమ్ 9.1తో ఎడిటర్‌కాన్ఫిగ్ ప్లగిన్ కూడా వస్తుంది, విమ్‌ఆర్‌సిలో ‘ప్యాక్‌యాడ్! ఎడిటర్‌కాన్ఫిగ్’ అని రాస్తే చాలు.

ఎడిటర్‌కాన్ఫిగ్‌కు అందనివి కొన్ని ఉంటాయి. ఉదాహరణకు ఒక ప్రాజెక్టును బిల్డ్ చేసే కమాండును నిర్ణయించే ‘మేక్‌పీఆర్‌జీ’ విమ్‌కే ప్రత్యేకమైనది. దీనికి చాలామంది గమనించని ఒక సదుపాయం ఉంది. మీ సెషన్ ఫైలు పేరు ‘సెషన్.విమ్’ అయితే, అదే ఫోల్డరులో ‘సెషన్ఎక్స్.విమ్’ అనే ఫైలు కూడా ఉంటే, విమ్ సెషన్‌ను నడిపిన వెంటనే దానిని కూడా నడుపుతుంది. మీరు సెషన్‌ను మళ్లీ భద్రపరచినప్పుడు మొదటి ఫైలు మారుతుంది గాని ఈ రెండవదాని జోలికి విమ్ వెళ్లదు. ఇండెంటేషన్‌ను మాత్రం ఇందులో పెట్టకండి. షిఫ్ట్‌విడ్త్ ఒక్కొక్క బఫరుకు (తెరిచిన ఫైలుకు) విడివిడిగా ఉండే ఆప్షన్ కనుక, ఇతర విండోలలో అప్పటికే తెరుచుకున్న ఫైళ్లకు ఈ విలువ వర్తించదు.

ప్రశ్న: వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఇతరుల ప్రాజెక్టు తెరిచినప్పుడల్లా, దానిని రాసినవారిని నమ్ముతారా అని అడుగుతోంది. సెట్టింగుల ఫైలు వల్ల ప్రమాదం ఏమిటి?
– మరొక పాఠకుడు

జవాబు: ‘.వీఎస్‌కోడ్’ ఫోల్డరులో సెట్టింగులే గాక, కమాండ్లను నడిపే టాస్కులు కూడా ఉంటాయి. కొన్ని సెట్టింగులు ఏ ప్రోగ్రామును నడపాలో కూడా నిర్ణయిస్తాయి. ప్రాజెక్టుతో పాటు వచ్చే ఫైలును ఎడిటర్ తనంతట తాను పాటిస్తే, దానిని రాసినవారికి మీ కంప్యూటర్‌లో ప్రవేశం ఇచ్చినట్లే అవుతుంది. 2021లో ఈ ప్రశ్నను ప్రవేశపెట్టింది అందుకే. ఇది ఒక్క వీఎస్ కోడ్ సమస్య కాదు. 2019లో విమ్ మోడ్‌లైనులో (ఫైలు లోపలే సెట్టింగులు రాసే వరుసలో) బయటపడిన లోపం వల్ల, ప్రత్యేకంగా తయారు చేసిన టెక్స్ట్ ఫైలును తెరిచినంత మాత్రాన కమాండ్లు నడిచే ప్రమాదం ఏర్పడింది; 8.1.1365 ప్యాచ్‌తో దానిని సరిచేశారు. ప్రస్తుత డైరెక్టరీలోని విమ్‌ఆర్‌సిని చదివించే ‘ఎక్స్‌ఆర్‌సి’ ఆప్షన్ కూడా డిఫాల్టుగా ఆపివేసి ఉండడానికి కారణం ఇదే. కాబట్టి కొత్తగా దించుకున్న ప్రాజెక్టును మొదట నమ్మకం ఇవ్వకుండానే తెరవండి. ఆ స్థితిలో కూడా ఫైళ్లన్నీ చదవవచ్చు. ‘.వీఎస్‌కోడ్’ ఫోల్డరులోని సెట్టింగులు, టాస్కుల ఫైళ్లను చూసి, అక్కడ నడిచే ప్రతి కమాండు ఏమి చేస్తుందో అర్థమైన తరువాతే అనుమతి ఇవ్వండి.