టెక్ సందేహాలు: వెబ్‌సైట్ తర్వాత, ముందు కొట్టును ఫోన్‌లో తెరవండి

ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. ఇంట్లో చేసినవో, చిన్న కొట్టులో ఉన్నవో ఆన్‌లైన్‌లో ఎలా అమ్మాలని అడుగుతున్నారు. అందుకే ఫోన్లు, ప్రింటర్ల ప్రశ్నలను వచ్చేసారికి ఉంచి ఈ వారం మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. నేను, మా అత్తగారు కలిసి నిప్పట్లు, మురుకులు, చెనక్కాయల పొడి చేసి తెలిసినవాళ్ళకు అమ్ముతున్నాం. బెంగళూరులో ఉన్న చుట్టాలు, వాళ్ళ పక్కింటివాళ్ళు కూడా అడుగుతున్నారు. ఒకతను వెబ్‌సైట్ చేసిస్తాను, 40 వేలు అవుతుంది అంటున్నాడు. చేయించుకోమంటారా సార్?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. వెబ్‌సైట్ ఉన్నంత మాత్రాన కొనేవాళ్ళు రారు. వాళ్ళను అక్కడికి రప్పించడానికి మళ్ళీ ప్రకటనల ఖర్చు పెట్టుకోవాలి. మీ దగ్గర కొనేవాళ్ళు, కొనబోయేవాళ్ళు ఇప్పటికే వాట్సాప్‌లో ఉన్నారు. దుకాణం అక్కడే తెరవండి. ఆ 40 వేలతో మంచి సీలింగ్ మెషిన్, కవర్లు, తూకం యంత్రం కొనుక్కుని కూడా డబ్బు మిగుల్చుకోవచ్చు.

ముందు వ్యాపారం కోసమే ఒక కొత్త సిమ్ తీసుకోండి. దానితో వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి. ఇది ఉచితం. మామూలు వాట్సాప్, బిజినెస్ వాట్సాప్ రెండూ ఒకే ఫోన్‌లో ఉండొచ్చు, నంబర్లు మాత్రం వేరుగా ఉండాలి. సెట్టింగ్స్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టుకోండి. ఆ సిమ్‌కు రీచార్జి మాత్రం మరిచిపోవద్దు. వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ కొన్నాళ్ళకు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అప్పుడు మీ దుకాణం పేరుతో వచ్చే ఆర్డర్లన్నీ ఎవరికో పోతాయి.

ఆ యాప్‌లో కేటలాగ్ అని ఉంటుంది. 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు గానీ మీకు పది చాలు. ఒక్కోదానికి ఫోటో, తూకం, ధర, ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో రాయండి. ధర రాయకుండా ‘రేటు కోసం మెసేజ్ చేయండి’ అని పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. రేటు అడిగి కొనకపోతే ఏమనుకుంటారో అన్న మొహమాటంతోనే చాలామంది వెనక్కి వెళ్ళిపోతారు. ధర కళ్ళముందు కనిపిస్తే మీకూ వాళ్ళకూ టెన్షన్ ఉండదు.

పదేపదే పంపే సమాధానాలకు ‘క్విక్ రిప్లైస్’ వాడండి. కొరియర్ ఛార్జీల వివరాలు ఒకసారి రాసి దాచుకుంటే, ఆ తర్వాత స్లాష్ గుర్తు కొట్టి చిన్న మాట టైప్ చేస్తే చాలు, మొత్తం వచ్చేస్తుంది. ఒక్కో చాట్‌కు లేబుల్ కూడా పెట్టుకోవచ్చు. ‘కొత్త ఆర్డరు’, ‘డబ్బు రావాలి’, ‘పంపించాం’ అనే మూడు లేబుల్స్‌తో మీ లెక్కల పుస్తకం సగం తయారైనట్టే.

ఇంకో ముఖ్యమైన విషయం. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా చేర్చి ఒకేసారి మెసేజ్ పంపొచ్చు. కానీ మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. చాలామందికి ఈ సంగతి తెలియక, పంపినా ఎవరూ పలకడం లేదని బాధపడుతుంటారు. అందుకని ప్రతి ప్యాకెట్లో ఒక చిన్న చీటీ వేయండి. మీ పేరు, నంబరు, వాట్సాప్ క్యూఆర్ కోడ్, ‘పండగ సరుకు ఎప్పుడు చేస్తున్నామో తెలియాలంటే ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అన్న ఒక్క మాట ఉంటే చాలు. నా దృష్టిలో మార్కెటింగ్ అంటే మొదట ఇదే. ఒకసారి తిన్నవాళ్ళు రెండోసారి అడిగేలా చూసుకున్నాకే కొత్తవాళ్ళను వెతకాలి.

వెబ్‌సైట్ ఎప్పుడు పెట్టాలంటే, మీకు ముఖపరిచయం లేనివాళ్ళ ఆర్డర్లు సగానికి చేరినప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా నెలనెలా అయ్యే ఖర్చు లెక్క వేసుకోండి. పేమెంట్ గేట్‌వేలు (సైట్‌లో కొనేవాళ్ళు కట్టే డబ్బును మీకు చేర్చే కంపెనీలు) సాధారణంగా 2 శాతం దాకా తీసుకుని, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. 500 రూపాయల ఆర్డరులో 11 రూపాయల 80 పైసలు పోతాయి. నిప్పట్ల మీద మిగిలేదే కొంచెం కాబట్టి ఆ లెక్క చిన్నదేమీ కాదు.

బెంగళూరు మాటెత్తారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్ళకు ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట నిజమే. కానీ అది రాష్ట్రం లోపల అమ్మేవాళ్ళకు. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే, టర్నోవరు ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలి. చిత్తూరు వాళ్ళకు వేలూరు, చెన్నై, బెంగళూరు అన్నీ పక్క ఊళ్ళలాగే అనిపిస్తాయి, కానీ జీఎస్టీ లెక్కలో అవి వేరే రాష్ట్రాలే. బెంగళూరు ఆర్డర్లు తీసుకునే ముందు ఒక్క గంట ఆడిటర్ దగ్గర కూర్చోండి. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ మాత్రం ఇంట్లో చేసి అమ్మేవాళ్ళకు కూడా ఉండాల్సిందే. దానికి ఆ సంస్థవారి ఫాస్కాస్ పోర్టల్లో మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వచ్చే 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి.

ప్రశ్న: తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో మాకు గిఫ్ట్ షాపు ఉంది. వెబ్‌సైట్ చేసిచ్చినతను ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. సైట్ ఆగిపోయింది. విజిటింగ్ కార్డుల మీద, క్యారీ బ్యాగుల మీద అంతా ఆ అడ్రసే వేయించాం. ఏం చేయాలి?

జవాబు: ఇలాంటి ఉత్తరం చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది. డబ్బు మీది, పేరు మీది, తాళం మాత్రం ఇంకొకరి దగ్గర ఉంది. ఆలస్యం చేయకుండా ఒక పని చేయండి. హూయిజ్ అనే సేవలో మీ డొమైన్ పేరు, అంటే మీ సైట్ అడ్రసు కొట్టి చూడండి. అది ఏ కంపెనీ దగ్గర రిజిస్టర్ అయిందో, గడువు ఎప్పుడు ముగుస్తుందో తెలుస్తుంది. యజమాని పేరు చాలాసార్లు కనబడదు, దానికి కంగారు పడకండి.

గడువు ఈమధ్యే ముగిసి ఉంటే, తిరిగి రెన్యువల్ చేసుకోవడానికి సాధారణంగా కొన్నాళ్ళు వ్యవధి ఉంటుంది. అది కూడా దాటితే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. రిజిస్టర్ చేసిన కంపెనీకి మెయిల్ రాయండి. మీరు కట్టిన డబ్బుల రసీదులు, అతనితో జరిగిన చాట్లు, మీ షాపు కాగితాలు జత చేయండి. డొమైన్ మీ ఈమెయిల్‌తోనే రిజిస్టర్ అయ్యుంటే పాస్‌వర్డ్ మార్చుకుంటే పని అయిపోతుంది. అతని పేరు మీద ఉంటే మాత్రం అతన్ని ఒప్పించి మార్పించుకోవడమే దగ్గరి దారి. పాత బాకీ ఏదైనా ఉంటే అది కట్టేసి అయినా డొమైన్ తిరిగి తెచ్చుకోండి.

కొత్తగా సైట్ చేయించుకునేవాళ్ళు ఒక షరతు పెట్టుకోండి. డొమైన్ మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో మీరే కొనాలి. డిజైనర్‌కు పని చేయడానికి కావలసిన అనుమతి ఇస్తే చాలు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలకు కూడా ఇదే పద్ధతి. ‘మా అబ్బాయి స్నేహితుడు చూసుకుంటున్నాడు’ అన్న పేజీలు ఆ స్నేహితుడు చెన్నైలో ఉద్యోగానికి వెళ్ళగానే మూగబోతాయి. డొమైన్ కొనేటప్పుడు మొదటి ఏడాది ధరతో పాటు రెండో ఏడాది రెన్యువల్ ధర కూడా చూడండి. చాలా చోట్ల రెండో ఏడాది ధర బాగా ఎక్కువ.

ప్రశ్న: శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు, దుపట్టాలు వేస్తాం. ఫోటోలో ఒక రంగు, చేతికొచ్చాక ఇంకో రంగు అని రెండుసార్లు వెనక్కి పంపారు. మంచి కెమెరా కొనాలా?

జవాబు: కెమెరా వద్దు, మీ ఫోన్ చాలు. ఇబ్బంది వెలుతురుతో వస్తోంది. గదిలో ట్యూబ్‌లైట్ ఒకటి, పసుపు బల్బు ఒకటి, కిటికీలోంచి ఎండ, ఈ మూడూ కలిస్తే ఫోన్ దేన్ని తెలుపు అనుకోవాలో తేల్చుకోలేక రంగులన్నీ జరిపేస్తుంది. మీ పనికి ఈ చిక్కు మరీ ఎక్కువ. పాలు, కరక్కాయ రసంలో తడిపి ఆరబెట్టిన గుడ్డకు ఒక లేత పసుపు ఛాయ వస్తుంది కదా, దాన్ని ఫోన్ తప్పుగా అనుకుని తెల్లగా మార్చేస్తుంది. దాంతో పక్కనున్న ఎరుపు, నీలం కూడా మారిపోతాయి.

లైట్లన్నీ ఆర్పేయండి. ఉదయం పూట, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన గుడ్డ పరవండి. కిటికీకి ఎదురువైపు తెల్ల చార్టు అట్ట నిలబెడితే నీడలు తగ్గుతాయి. లెన్స్ ముందు తుడవండి. వేళ్ళకు అంటిన నూనె, రంగు లెన్స్ మీద ఉంటే ఫోటో మసకబారుతుంది. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. ఫోటోలో ఒక మూల తెల్ల కాగితం ముక్క ఉంచి తీయండి. తర్వాత ఫోన్‌లోని ఎడిట్‌లో, ఆ కాగితం తెల్లగా కనిపించే దాకా ‘వార్మ్‌త్’ సరిచేసి, చివర్లో ఆ మూల కత్తిరించేయండి. కొనేవాళ్ళకు వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోండి.

ఇంకా పెద్ద విషయం ఉంది. మీరు చీర ఫోటో ఒక్కటే పెడుతున్నారు. ఆన్‌లైన్‌లో మిషన్ ప్రింట్లు కూడా కలంకారీ పేరుతో చౌకగా దొరుకుతున్నాయి. మీ ధర ఎందుకు ఎక్కువో కొనేవాళ్ళకు తెలియాలంటే మీ చేయి కనపడాలి. బెల్లం, ఇనుప తుక్కు ఊరబెట్టిన కసిమి నీళ్ళలో ముంచిన వెదురు కలం గుడ్డ మీద గీత గీస్తుంటే, ఆ గీత మెల్లగా నల్లబడడం 20 సెకన్ల వీడియోలో చూపించండి. పాట పెట్టకపోయినా పర్వాలేదు. గుడ్డ వెనక వైపు కూడా ఒక ఫోటో పెట్టండి, చేతితో వేసిన రంగు అక్కడికి ఎలా ఇంకిందో కనిపిస్తుంది. పెడనలో అచ్చులతో అద్దే కలంకారీ వేరు, మీరు కలంతో గీసేది వేరు అని ప్రతి వస్తువు కింద ఒక్క వాక్యం రాయండి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ మాట కూడా చేర్చండి. ఇంత చూశాక బేరమాడే నోళ్ళు చాలా తగ్గుతాయి.

విదేశాల నుంచి ఎవరైనా అడిగితే వదులుకోకండి. ఎగుమతికి కావలసిన ఐఈసీ కోడ్‌కు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిన్న ఎగుమతిదారుల పార్శిళ్ళ కోసం తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు నడుపుతోంది.

ప్రశ్న: తిరుపతి గాంధీ రోడ్డులో ఇత్తడి పూజా సామాన్ల అంగడి మాది. ఇన్‌స్టాగ్రామ్‌లో 3 వేలు పెట్టి పోస్టు బూస్ట్ చేశాం. లైకులు బాగానే వచ్చాయి, ఒక్క ఆర్డరూ రాలేదు.

జవాబు: బూస్ట్ నొక్కగానే మీకేం కావాలని అడుగుతుంది. అక్కడ ‘ప్రొఫైల్ విజిట్స్’ ఎంచుకుని ఉంటారు. అప్పుడు ఊరికే చూసి పోయేవాళ్ళనే ఎక్కువగా తెచ్చిపెడుతుంది. ‘మెసేజెస్’ ఎంచుకోండి. ఎవరికి చూపించాలో కూడా దానికే వదిలేయకుండా, ఊళ్ళు, వయసు మీరే పెట్టండి. మొదట రోజుకు కొద్ది మొత్తంతో రెండు వేర్వేరు ఫోటోలు పెట్టి, దేనికి మెసేజ్‌లు వస్తున్నాయో చూసి మిగతా డబ్బు దాని మీద పెట్టండి.

కానీ మీ అంగడికి అంతకంటే ముందు కావలసింది గూగుల్ మ్యాప్స్. దర్శనానికి వచ్చినవాళ్ళు గది ఖాళీ చేసి రైలెక్కే లోపు దొరికిన రెండు మూడు గంటల్లో ఫోన్‌లో వెతుక్కుని కొంటారు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. అంగడి బోర్డు, లోపలి సామాన్లు కనిపించేలా వీడియో తీసి వెరిఫై చేయమని అడగొచ్చు. పేరు దగ్గర బోర్డు మీదున్న పేరే రాయండి. దానికి ‘బెస్ట్ బ్రాస్ షాప్ తిరుపతి’ లాంటివి తగిలిస్తే ప్రొఫైల్‌ను ఆపేసే ప్రమాదం ఉంది. తెరిచే వేళలు, పండగ రోజుల వేళలు సరిగ్గా ఉండాలి. మీ అంగడిలో తమిళం, కన్నడం, హిందీ మాట్లాడేవాళ్ళు ఉంటే వివరాల్లో ఆ ఒక్క మాట రాయండి, వచ్చేవాళ్ళకు అది ధైర్యం. కొన్నవాళ్ళను అడిగి, ఇష్టమైతేనే నంబరు తీసుకోండి. సేలంలోనో హుబ్లీలోనో ఉన్న ఆవిడ మీ దగ్గర దీపపు కుందులు కొని సంతోషపడితే, తర్వాత చెల్లెలి గృహప్రవేశానికి మీకే ఫోన్ చేస్తుంది. మీకున్న ఈ సౌలభ్యం మామూలు ఊళ్ళలో కొట్లకు లేదు, దాన్ని వాడుకోండి.

ఇంట్లోంచి ఆన్‌లైన్‌లో మాత్రమే అమ్మేవాళ్ళకు ఈ ప్రొఫైల్ ఇవ్వరు. కొనేవాళ్ళను నేరుగా కలిసే వ్యాపారాలకే ఇస్తారు.

ప్రశ్న: డబ్బు పంపానని స్క్రీన్‌షాట్ పెట్టారు, పార్శిల్ పంపించేశాం. తర్వాత చూస్తే ఖాతాలో పైసా లేదు. ఎలా కనిపెట్టాలి? (తిరుచానూరు)

జవాబు: స్క్రీన్‌షాట్‌ను చూడనే వద్దు. అచ్చం అసలులాగే తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. మీ బ్యాంకు యాప్‌లోనో, యూపీఐ యాప్ హిస్టరీలోనో డబ్బు కనిపించిన తర్వాతే ప్యాకింగ్ మొదలుపెట్టండి. బ్యాంకు పేరుతో వచ్చే మెసేజ్‌ను కూడా నమ్మొద్దు, అది మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చిందేమో చూడండి. అనుమానంగా ఉంటే 12 అంకెల రిఫరెన్స్ నంబరు అడిగి మీ హిస్టరీలో పోల్చుకోండి. ‘పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిరిగి వేయండి’ అనేది ఇంకో రకం మోసం. డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి. మోసపోయారని తెలిసిన నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: ‘తిరుపతి లడ్డు’ పేరుతో ఆన్‌లైన్‌లో లడ్డూలు అమ్మొచ్చా?

జవాబు: వద్దు. ఆ పేరుకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది తిరుమల తిరుపతి దేవస్థానానిది. మీ లడ్డు మీ ఇంటి పేరుతోనో, మీ వీధి పేరుతోనో అమ్ముకోండి. రుచి బాగుంటే ఆ పేరే నిలబడుతుంది.

ప్రశ్న: కిలో మురుకులు పంపితే కొరియర్ వాళ్ళు మూడు కిలోలకు డబ్బు తీసుకున్నారు. ఇది మోసమా? (పలమనేరు)

జవాబు: మోసం కాదు, పెట్టె పెద్దది. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తాయి. వచ్చినది అసలు తూకం కంటే ఎక్కువైతే దానికే డబ్బు. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టె అయితే సరిగ్గా మూడు కిలోలు. అదే 25, 20, 12 పెట్టె దొరికితే కిలో రెండు వందల గ్రాములకే కట్టాలి. మురుకులు విరగకూడదు కాబట్టి, సీల్ చేసిన కవరును గట్టి అట్టపెట్టెలో ఖాళీ లేకుండా అమర్చి, ముందు ఒక పెట్టెను మీ బంధువులకే పంపి చూడండి. విరగకుండా చేరితే అదే కొలతలో వంద పెట్టెలు ఒకేసారి కొనుక్కోండి.