నాకు హార్మోన్ టెస్ట్ ఎందుకు రాయలేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 59 ఏళ్లు. నెలసరి ఆగి తొమ్మిదేళ్లయింది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక ఎనిమిది నెలలుగా రోజూ లెట్రోజోల్ వేసుకుంటున్నాను. నాతోపాటు చికిత్స తీసుకున్న నలభై దాటిన ఒకావిడకి రక్తంలో హార్మోన్ పరీక్షలు రాశారట, నాకు ఒక్కసారి కూడా రాయలేదు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి సీసా మూత కూడా తిప్పలేకపోతున్నాను. హార్మోన్ ఎంతుందో చూపించుకుని, తక్కువుంటే మాత్ర ఆపేయొచ్చా?

జవాబు: ఆపకండమ్మా, మీ డాక్టర్‌తో మాట్లాడేదాకా అసలు ఆపకండి.

మీకూ హార్మోన్ టెస్ట్ చేశారు, కాకపోతే రక్తంలో కాదు, గడ్డ ముక్కలో. బయాప్సీ రిపోర్ట్ తీసి చూడండి, ఈఆర్, పీఆర్, హెర్-2 అని ఉంటాయి. ఈఆర్ అంటే కణంలో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ వెళ్లి అతుక్కునే రిసెప్టార్, పీఆర్ ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్‌కి అలాంటిదే, హెర్-2 కణం పెరుగుదలకి సంబంధించిన ఒక ప్రొటీన్. ఈఆర్ నూటికి ఒక్క కణంలో కనబడినా పాజిటివ్ అనే రాస్తారు, అయితే 1 నుంచి 10 శాతం లోపల ఉంటే మాత్ర ఎంత పనిచేస్తుందో గట్టిగా చెప్పడం కష్టం. మీ అంకె ఎంతో అడిగి రాసిపెట్టుకోండి.

ఇక రక్తం సంగతి. నెలసరి ఆగినా ఈస్ట్రోజన్ పూర్తిగా పోదు, అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్లని కొవ్వులో, కండరాల్లో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజన్‌గా మారుస్తూనే ఉంటుంది, లెట్రోజోల్ అడ్డుకునేది దాన్నే. కాబట్టి తక్కువ వచ్చిందని మాత్ర మానేయడం, బీపీ నార్మల్‌కి వచ్చిందని బీపీ మాత్ర మానేసినట్టే. పైగా రక్తంలో అంత తక్కువగా ఉండే ఈస్ట్రోజన్‌ని మామూలు ల్యాబ్ మెషీన్లు సరిగ్గా కొలవలేవు.

ఆవిడ సంగతి వేరై ఉండొచ్చు. ఆ వయసులో కీమో వల్ల నెలసరి ఆగినవాళ్లకి, గర్భసంచి తీసేసి ఓవరీలు ఉంచినవాళ్లకి నిజంగా మెనోపాజ్ వచ్చిందో లేదో పైకి తెలీదు. ఓవరీలు మళ్లీ పనిచేయడం మొదలుపెడితే ఈ రకం మాత్ర ఒక్కటే సరిపోదు, అందుకే వాళ్లకి రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్ (ఓవరీలను పనిచేయించే హార్మోన్), ఎస్ట్రడయోల్ (ముఖ్యమైన ఈస్ట్రోజన్) చూస్తారు.

అసలు బాధ మీ వేళ్లు. ఈ మాత్రతో చాలామందికి ఇలాగే అవుతుంది, మానేసి కూడా "వేసుకుంటున్నా డాక్టర్" అనేవాళ్లున్నారు, మొహం చూస్తే తెలిసిపోతుంది లెండి. చెబితే దారులున్నాయి. రోజూ నడక, కాస్త బరువులెత్తే వ్యాయామం కొందరికి బాగా పనిచేస్తాయి. ఇదే రకం మాత్రలైన అనాస్ట్రోజోల్‌కో ఎక్సిమెస్టేన్‌కో మారిస్తే కొందరికి తేలికవుతుంది, అదీ పడకపోతే టమాక్సిఫెన్ అనే వేరే రకం మాత్ర ఉంది, కానీ ఎప్పుడైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా, మెనోపాజ్ తర్వాత బ్లీడింగ్ కనిపించిందా అన్నది ముందు చెప్పాలి. కీళ్లు వాచి ఎర్రబడితే మాత్రం ఇది మాత్ర వల్లేనని వదిలేయకుండా కీళ్లవాతం ఉందేమో చూపించుకోవాలి. ఈ మందు ఎముకల్ని పలచబరుస్తుంది కాబట్టి ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ ఇప్పటిదాకా తీయకపోతే అడిగి తీయించుకోండి, మీకు కావలసిన టెస్ట్ అది.

వేళ్లు వదులవడానికి పొద్దున ఎంతసేపు పడుతోందో వారం రోజులు రాసి పట్టుకెళ్లండి. "నొప్పులు" అంటే పెయిన్ కిల్లర్ రాసి పంపేస్తారు, "గంటసేపు సీసా మూత తిప్పలేను" అంటే మందు గురించి ఆలోచిస్తారు.