యంగ్ జస్టిస్‌లో రాబిన్, ఆర్టెమిస్: శక్తులు లేనివాళ్లు ఆ టీమ్‌లో ఎందుకు?

కుర్ర సూపర్‌హీరోల యానిమేషన్ షో 'యంగ్ జస్టిస్' మొదటి సీజన్ పూర్తి చేశానని మీరు రాశారు కాబట్టి ఆ సీజన్ కథంతా దాచకుండా మాట్లాడతాను. మీ ప్రశ్న ఇది: సూపర్‌బాయ్, మిస్ మార్షియన్ లాంటివాళ్లున్న టీమ్‌లో ఏ శక్తీ లేని రాబిన్ (బ్యాట్‌మన్ శిష్యుడు), ఆర్టెమిస్ (విలుకత్తె) ఎందుకు? ప్రతి గొడవలోంచీ వాళ్లు బతికి బట్టకట్టడం ప్లాట్ ఆర్మర్ (కథకి కావాలి కాబట్టి పాత్రకి ఏమీ కాకపోవడం) కాక మరేమిటి?

కొన్నిచోట్ల అది ప్లాట్ ఆర్మరే, కాదనను. గోడలు బద్దలయ్యే దెబ్బలు తగిలే చోట పదమూడేళ్ల పిల్లాడు ఎముక విరగకుండా లేచి నిలబడటం నాకూ నమ్మబుద్ధి కాదు. కానీ ఈ షోలో వాళ్లిద్దరి పని దెబ్బలాటలో సరితూగడం కాదని నా నమ్మకం. ఈ నమ్మకం నాకు మొదట్లో లేదు. నేనూ సూపర్‌బాయ్ కోసమే చూడటం మొదలుపెట్టాను. ఆర్టెమిస్ వచ్చిన కొత్తలో 'విలుకత్తె ఒకటి తక్కువైందా' అని విసుక్కున్నాను కూడా.

నా అభిప్రాయం మార్చిన ఎపిసోడ్ పన్నెండోది, 'హోమ్‌ఫ్రంట్'. మీకు గుర్తుండే ఉంటుంది. టీమ్ స్థావరమైన మౌంట్ జస్టిస్ మీద రెడ్ టోర్పెడో, రెడ్ ఇన్‌ఫెర్నో అనే రెండు రోబోలు దాడి చేస్తాయి. ఒకటి నీటితో, ఇంకొకటి నిప్పుతో. సూపర్‌బాయ్, మెరుపు వేగంతో పరుగెత్తే కిడ్ ఫ్లాష్ కదలకుండా బిగిసిపోయి ఉంటారు. వేడికి తట్టుకోలేని ఆక్వాలాడ్, మిస్ మార్షియన్ మంటల పంజరంలో ఉంటారు. శక్తులున్న నలుగురూ ముందే బందీలైపోయారు. మిగిలింది రాబిన్, ఆర్టెమిస్. ఆమె దగ్గర బాణాలు కూడా లేవు.

ఆ ఎపిసోడ్‌లో ఒక సంభాషణ ఉంది. అది నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇద్దరూ సందుల్లో దాక్కుని ఉంటారు. ఆర్టెమిస్ బెంబేలెత్తిపోతుంది. ఇంత నిబ్బరంగా ఎలా ఉండగలుగుతున్నావని రాబిన్‌ని నిలదీస్తుంది. తొమ్మిదేళ్ల వయసు నుంచీ ఈ పనిలోనే ఉన్నాను, అలవాటైపోయింది అంటాడతను. అయితే ఏం లాభం, అలుపన్నది లేని యంత్రాల ముందు మనమెంత అని ఆమె అంటుంది. అప్పుడు రాబిన్‌కి తడుతుంది: అవును కదా, అవి యంత్రాలు! ఒక్క విద్యుదయస్కాంత పల్స్ చాలు, చుట్టుపక్కల ఉన్న ఏ యంత్రమైనా ఆగిపోతుంది.

ఆ ఉపాయం ఎక్కణ్ణుంచి వచ్చిందో గమనించండి. రాబిన్ బెల్టులోంచి రాలేదు. ఆ పరికరం తన దగ్గర లేదని అతనే చెబుతాడు. ఆర్టెమిస్ తన భయాన్ని పైకి అనేసింది కాబట్టి వచ్చింది. ఆ భయంలోనే జవాబుంది. పరికరం తయారు చేయడం కుదురుతుందా లేదా అన్నది, కదలలేని స్థితిలో ఉన్న కిడ్ ఫ్లాష్‌ని అడుగుతారు. సైన్స్ అతనికి బాగా వచ్చు. ఆ క్షణంలో అతని వేగం ఎందుకూ పనికిరాదు, చదువు పనికొచ్చింది.

ఇంకో చిన్న ముచ్చట. బాణాలన్నీ పోయిన ఆర్టెమిస్‌కి దొరికేది కిడ్ ఫ్లాష్ జ్ఞాపికల అరలో ఉన్న ఒకే ఒక్క బాణం. ఐదో ఎపిసోడ్‌లో అమేజో అనే రోబో చేతిలో కిడ్ ఫ్లాష్ పని అయిపోయేదే, ఎవరో చాటు నుంచి బాణం వేసి కాపాడారు. అది వేసింది ఆర్టెమిస్. ఎవరిదో తెలియక అతను దాచుకున్న ఆ బాణమే ఇక్కడ ఆమె చేతికొస్తుంది. చివరికి రాబిన్ కూడా పడిపోయాక, చేతులెత్తేసి లొంగిపోతున్నట్టు నటించి ఆ రోబోల పని ఆమె ముగించేది ఆ బాణంతోనే. రాసినవాళ్లు ఏడు ఎపిసోడ్ల ముందే దాన్ని అరలో పెట్టి ఎదురుచూశారన్నమాట. షోని మలిచిన గ్రెగ్ వైస్‌మన్, బ్రాండన్ వియెట్టీ మీద నాకు గురి కుదిరింది అక్కడే.

ఇక నా సొంత విషయం. ఇది చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది.

కాలేజీలో నేను వాలీబాల్ టీమ్‌లో సెట్టర్‌ని. అంటే స్మాష్ కొట్టేవాళ్లకి బాల్ సరిగ్గా అందేలా పైకి లేపేదాన్ని. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. నెట్ దగ్గర గెంతినా బ్లాక్‌కి, అంటే అవతలివాళ్ల స్మాష్‌ని అడ్డుకోవడానికి, అందను. మిగతావాళ్లంతా పొడుగు, చేతిలో బలం ఉన్నవాళ్లు. సెట్టింగ్ ఒక్కటే నా ఆస్తి. ఫైనల్ ఇయర్‌లో ఒక జూనియర్ వచ్చింది. ఆమె కూడా సెట్టరే, పైగా నాకంటే అర అడుగు పొడుగు. ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక మ్యాచ్‌కి రెండు రోజుల ముందు ప్రాక్టీసులో బాల్ తగిలి కుడిచేతి ఉంగరపు వేలు వాచింది. మడవడం రావట్లేదు. సార్‌కి చెబితే జూనియర్‌ని దింపుతారన్న టెన్షన్‌తో ఎవరికీ చెప్పలేదు. టేపు వేసుకుంటే కనబడుతుందని మ్యాచ్ రోజు పొద్దున్నే అదీ పీకేశాను. మొదటి రెండు సెట్లు చెరొకటి అయ్యాయి. మూడో సెట్లో పదమూడు పదమూడు దగ్గర బాల్ నా నెత్తి మీదికి చక్కగా వచ్చింది. అంత తేలికైన బాల్ మళ్లీ రాదు. వేళ్లన్నీ ఒకేసారి తగలాలి, ఆ ఒక్క వేలు వెనకబడింది. రెఫరీ విజిల్ వేసి రెండు వేళ్లు చూపించారు, డబుల్ టచ్ అని. తర్వాతి పాయింటూ పోయింది, మ్యాచ్ పోయింది.

బస్సెక్కాక ఆ జూనియర్ నా పక్కన కూర్చుని నా వేలు వంకే చూసింది. "అక్కా, ఒక్క మాట చెప్పుంటే ఆ నాలుగు బాల్స్ నేను ఆడేదాన్ని కదా, తర్వాత మళ్లీ నువ్వే వచ్చేదానివి" అంది. తిట్టినా బాగుండేది.

కొన్నాళ్ల తర్వాత హాస్టల్ గదిలో ఇదే షో ఆమెతో కలిసి లాప్‌టాప్‌లో చూస్తున్నాను. ఇరవై మూడో ఎపిసోడ్, 'ఇన్‌సెక్యూరిటీ'. రెడ్ యారో టీమ్‌లోకి వస్తాడు. అతనూ విలుకాడే, అనుభవం ఉన్నవాడు, పేరున్నవాడు. ఆర్టెమిస్‌కి కాళ్ల కింద నేల కదిలినట్టవుతుంది. తానేమిటో నిరూపించుకోవాలని ట్రాకర్ విషయంలో అబద్ధం చెప్పి, కిడ్ ఫ్లాష్‌నీ రెడ్ యారోనీ తప్పుదారి పట్టించి, స్పోర్ట్స్‌మాస్టర్, చెషైర్ అనే విలన్ల వెంట ఒంటరిగా వెళ్తుంది. దొరికే అవకాశం కాస్తా చేజారుతుంది. నేను వీడియో ఆపేశాను. మా ఇద్దరికీ మాట రాలేదు. నా వేలు ఆ టేపు పీకేసిన రోజులాగే సలిపినట్టనిపించింది.

పన్నెండో ఎపిసోడ్‌లో భయాన్ని బయటపెట్టి గెలిచిన పిల్ల, ఇరవై మూడో ఎపిసోడ్‌లో అదే భయాన్ని దాచి ఓడిపోయింది. శక్తి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మారింది చెప్పడం, చెప్పకపోవడం మాత్రమే. మీ ప్రశ్నకి నా అసలు జవాబు ఇదే. శక్తులు లేనివాళ్ల గెలుపోటములు ఈ షోలో కండబలంతో తేలవు, తోటివాళ్లకి నిజం చెప్పారా లేదా అన్నదాని మీద తేలతాయి.

రాబిన్‌దీ ఇదే జబ్బు, కాకపోతే వేరే రూపంలో. 'డ్రాప్ జోన్' గుర్తు చేసుకోండి. శాంటా ప్రిస్కా దీవిలో దిగగానే ఎవరికీ ఏమీ చెప్పకుండా నవ్వుతూ చీకట్లోకి మాయమైపోతాడు. బ్యాట్‌మన్‌తో ఏళ్ల తరబడి పనిచేసినవాడు, చెప్పకపోయినా అందరికీ అర్థమైపోతుందనుకుంటాడు. కానీ ఈ పిల్లలకి అతని ప్లాన్ ఎలా తెలుస్తుంది? అందుకే నాయకత్వం ఆక్వాలాడ్‌కి వెళ్తుంది. ఆక్వాలాడ్ దాన్ని తీసుకున్న తీరు నాకు చాలా ఇష్టం. ఏదో ఒక రోజు ఈ టీమ్‌ని నడిపేది నువ్వేనని రాబిన్‌కి చెప్పి, అప్పటిదాకా ఈ బరువు నేను మోస్తానంటాడు.

ఆ రోజు రానే వస్తుంది, 'ఫెయిల్‌సేఫ్'లో. అది మనసులో జరిగే శిక్షణే అయినా పిల్లలు ఆ సంగతి మరిచిపోతారు. ఆర్టెమిస్ పోతుంది, ఆక్వాలాడ్ పోతాడు, భారం రాబిన్ మీద పడుతుంది. శత్రువుల దృష్టి మళ్లించడానికి, తిరిగి రాడని తెలిసీ సూపర్‌బాయ్‌ని పంపుతాడు. తర్వాతి ఎపిసోడ్ 'డిజార్డర్డ్'లో వాళ్లకి శిక్షణ ఇచ్చే బ్లాక్ కానరీ ముందు కూర్చుని, ఇన్నాళ్లూ పెద్దయ్యాక బ్యాట్‌మన్‌ని అవుతాననుకున్నాను, ఇక అవ్వాలని లేదు అంటాడు. లక్ష్యం కోసం దేన్నయినా బలిచ్చే ఆ గుణం తనలో లేదని ఆ పిల్లాడికి అర్థమైంది. నా దృష్టిలో మొదటి సీజన్ మొత్తంలో అతను చేసిన అతి ధైర్యమైన పని అది. ఒక్క పల్టీ లేదు, ఒక్క గుద్దు లేదు.

ఇది శక్తులు లేనివాళ్ల సమస్య మాత్రమే అనుకోకండి. 'యూజువల్ సస్పెక్ట్స్'లో ఏం జరిగింది? ఆర్టెమిస్ తన కుటుంబం గుట్టు విప్పుతుంది: తండ్రి స్పోర్ట్స్‌మాస్టర్, అక్క చెషైర్, తల్లి కూడా ఒకప్పుడు నేరస్థురాలు. ఆమె తర్వాత సూపర్‌బాయ్, తన బలం పెరగడానికి విలన్ లెక్స్ లూథర్ ఇచ్చిన పట్టీలు వాడుతున్నానని ఒప్పుకుంటాడు. మిస్ మార్షియన్ తన అసలు రూపం చూపిస్తుంది. టీమ్‌లో అందరికంటే బలవంతులు ఇద్దరూ కూడా అందరికంటే పెద్ద రహస్యాలు మోస్తున్నారు. అయితే ముందు నోరు విప్పింది ఏ శక్తీ లేని అమ్మాయి. రాబిన్‌కి ఆమె సంగతి ముందే తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు, ఆమెని వేరుగా చూడనూ లేదు.

మీ స్నేహితులు ప్లాట్ ఆర్మర్ అని వాదిస్తే సీజన్ చివరి ఎపిసోడ్ 'ఆల్డ్ అక్వెయింటెన్స్' చూపించండి. శత్రువుల అదుపులోకి వెళ్లిన సూపర్‌మన్‌ని రాబిన్ గుద్ది పడగొట్టలేదు. సూపర్‌బాయ్ అతన్ని పట్టుకుంటే రాబిన్ క్రిప్టోనైట్ (సూపర్‌మన్ బలాన్ని హరించే రాయి) బయటికి తీశాడు. దాని దెబ్బ సూపర్‌బాయ్‌కీ తగులుతుంది, అయినా అతను పట్టు వదలలేదు. ఎవరి వల్ల ఏది కాదో ఇద్దరికీ తెలిసి వేసుకున్న పథకం అది. మా సార్ కూడా తర్వాత అలాంటిదే చేశారు. నేను బ్లాక్‌కి అందనని నా నోటితోనే చెప్పాక, ప్రతి సెట్‌లోనూ నేను ముందు వరసలోకి వచ్చినప్పుడు జూనియర్‌ని దింపేవారు, వెనక వరసకి తిరగ్గానే నన్ను పిలిచేవారు. ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లన్నీ అలాగే ఆడాం.

ఇదే విషయం మీద ఇంకోటి చూడాలనుంటే, 'జస్టిస్ లీగ్ అన్‌లిమిటెడ్' అనే ఇంకో యానిమేషన్ షోలో 'పేట్రియట్ యాక్ట్' ఎపిసోడ్ చూడండి. ఆ షో 2004 నుంచి 2006 దాకా వచ్చింది. అందులో జనరల్ ఐలింగ్, శక్తులున్న హీరోల వల్ల దేశానికి ముప్పని నమ్మి, తానే మందు ఎక్కించుకుని రాక్షసుడవుతాడు. ఎదురుపడేది గ్రీన్ యారో, స్పీడీ, విజిలాంటే, షైనింగ్ నైట్ లాంటివాళ్లు. చావుదెబ్బలు తింటారు, అయినా మళ్లీ లేస్తారు. చివరికి ఐలింగ్‌ని ఆపింది దెబ్బ కాదు, అక్కడున్న మామూలు మనుషులు. ఇక్కడ శక్తులున్నది నీ ఒక్కడికేనని మొహం మీదే చెబుతారు. ఇలాంటి కథకి ఇంతకంటే బిగువైన ముగింపు నేను చూడలేదు.

రెండో సీజన్ మొదలుపెట్టేముందు ఒక్క మాట. అది ఐదేళ్ల తర్వాత మొదలవుతుంది. మీకు తెలిసిన రాబిన్ నైట్‌వింగ్ అయి ఉంటాడు, రాబిన్ ముసుగులో టిమ్ డ్రేక్ అనే వేరే అబ్బాయి ఉంటాడు. మొదటి ఎపిసోడ్‌కే తికమకపడి ఆపేయకండి. ఆర్టెమిస్ ఎక్కడుందా అని వెతుక్కుంటారు, వస్తుంది. వచ్చాక ఆమె చేసే పనంతా అబద్ధం మీదే నిలబడి ఉంటుంది, ఈసారి నైట్‌వింగ్‌కి తెలిసే. అది చూశాక మళ్లీ ఇక్కడికొచ్చి రాయండి. నేను పైన చెప్పినదాన్ని అది బలపరుస్తుందో పడగొడుతుందో నాకూ, మా జూనియర్‌కీ ఇప్పటికీ వాదన తెగలేదు.